చారిత్రక, జానపద నవలలను చీటీలతో చదవడం: ప్రాజెక్టు డైరీ

నవల పూర్తయ్యాక "బాగుంది" అనో "నమ్మబుద్ధి కాలేదు" అనో ఒక మాట మిగులుతుంది. ఏ పేజీలో నమ్మకం కుదిరిందో, ఏ పేజీలో సడలిందో నెల తిరిగేసరికి గుర్తుండదు. చారిత్రక నవలల విషయంలోనూ, మాంత్రికులూ మాయాద్వీపాలూ ఉండే జానపద, ఫాంటసీ నవలల విషయంలోనూ ఆ చోటును చదువుతున్నప్పుడే పట్టుకోవాలని మొదలుపెట్టిన పని ఇది. ఎవరైనా ఇదే పద్ధతిలో చదవాలనుకుంటే పనికిరాని దారులు ముందే తెలియాలని దశలవారీగా రాస్తున్నాను.

దశ 1: నోటుబుక్కు (పని చేయలేదు)

తొలి పద్ధతి మామూలుదే. అధ్యాయం పూర్తికాగానే నోటుబుక్కులో అర పేజీ సారాంశం రాయడం. అడివి బాపిరాజు "గోన గన్నారెడ్డి"తో ప్రయోగించాను. అధ్యాయం చదవడానికి ఇరవై నిమిషాలు పడితే రాయడానికి పదిహేను నిమిషాలు పట్టింది. అంతకన్న పెద్ద ఇబ్బంది వేరే ఉంది. సారాంశంలో ఏం జరిగిందో ఉంటుంది కానీ, చదువుతున్న మనసు ఎక్కడ ఆగిందో ఉండదు. సగం నవలకు వచ్చేసరికి నోటుబుక్కులో 46 పేజీలు నిండాయి. వాటిలో నవల గురించి నా అభిప్రాయం అనదగ్గ వాక్యాలు వెతికితే పది కూడా దొరకలేదు. పైగా పేజీలు కుట్టేసి ఉంటాయి కాబట్టి, మూడో అధ్యాయంలోని విషయాన్ని ముప్పయ్యో అధ్యాయంలోని విషయం పక్కన పెట్టి చూడటం కుదరదు.

అందుకని చీటీలకు మారాను. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 10.5 సెంటీమీటర్ల పొడవు, 7.4 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) కాగితం డబ్బాలో నిలబడకుండా వంగిపోతోంది. 160కి పైబడిన మందం కావాలి. కట్టలకు రబ్బరు బ్యాండ్లు వాడవద్దు. కొన్నాళ్లకు ఎండి కాగితానికి అంటుకుపోతాయి. నూలు దారం చాలు.

చీటీ రాసే క్రమం:

1. చదువుతున్నప్పుడు కలం పట్టకూడదు. ఆగిన చోట సన్నని కాగితపు ముక్క పెట్టి ముందుకు సాగాలి.
2. అధ్యాయం చివర ఆ ముక్కల దగ్గరికి వెనక్కి వెళ్లాలి.
3. ఒక చీటీకి ఒకే విషయం, పదిహేను మాటలకు మించకుండా.
4. కుడివైపు పైమూల పేజీ సంఖ్య, ఎడమవైపు నవల పేరులోని మొదటి అక్షరాలు.
5. వెనక్కి వెళ్లినప్పుడు ఎందుకు ఆగామో గుర్తు రాకపోతే ఆ ముక్క తీసేయాలి, చీటీ రాయకూడదు.

ఐదో నియమం కఠినంగా పాటించాలి. లేకపోతే చీటీలు కూడా నోటుబుక్కులాగే ఉబ్బిపోతాయి.

ఇప్పటికి: నవలలు సగం, పారేసిన పేజీలు 46, చీటీలు 0.

దశ 2: మనుషుల చీటీలు

"గోన గన్నారెడ్డి"నే మళ్లీ మొదటినుంచి తీసుకున్నాను. మనిషికొక చీటీ అనుకుంటే మొదటి చిక్కు రుద్రమదేవి దగ్గరే వచ్చింది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి ఆమెను కొడుకుగా పెంచాడు. శాసనాల్లో కూడా ఆమె రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. పేరుకొక చీటీ పెడితే ఒకే మనిషి ఇద్దరవుతారు. మనిషికొక చీటీ పెడితే, ఆ రహస్యం ఎవరికి ఎప్పుడు తెలిసిందన్న వరుస పోతుంది. గన్నారెడ్డి విషయమూ అంతే. లోకానికి అతడు గజదొంగ. లోపల మాత్రం రుద్రమదేవి పక్షాన పనిచేస్తున్నవాడు. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఎడమే నవలకు ప్రాణం. ఆ ఎడాన్ని చెరిపేసే చీటీ వల్ల ప్రయోజనం లేదు.

చేసిన మార్పు: చీటీని నిలువుగా రెండు గడులు చేశాను. ఎడమ గడిలో "ఎవరి దృష్టిలో", కుడి గడిలో "ఎవరుగా". ప్రజల దృష్టిలో దొంగ, శత్రు సామంతుల దృష్టిలో తిరుగుబాటుదారు, ఇలా వరుసగా. పక్కనే పేజీ సంఖ్య. ఈ మార్పు తరువాత నవల నిర్మాణం చేతికి అందింది. బాపిరాజు కథను నడిపే తీరులో యుద్ధాల కన్న ముఖ్యమైనది, ఎవరికి ఏది ఎంతవరకు తెలుసు అన్నదే. నాకు ఈ నవల మీద గౌరవం పెరిగింది ఆ చీటీలు పరిచి చూసినప్పుడే.

చీటీల్లో మరొకటి బయటపడింది. మనుషుల గురించిన వివరాల్లో వస్త్రాలు, ఆభరణాలు, రంగులు చాలా ఎక్కువ. బాపిరాజు చిత్రకారుడు కూడా. ఆయన పాత్ర మాట్లాడకముందే కంటికి కనిపిస్తుంది. కథను ఆపేస్తున్నాయని కొందరికి అనిపించే ఆ వర్ణనలు నాకు మాత్రం కాలాన్ని నమ్మించే పని చేశాయి. పైగా గోన వంశం కల్పన కాదు. రంగనాథ రామాయణం ఆ ఇంటి బుద్ధారెడ్డి పేరుతోనే నిలిచింది.

ఇప్పటికి: నవలలు 1, మనుషుల చీటీలు 61.

దశ 3: కాలం చీటీలు

ఇక్కడ ఎక్కువ కాలం గడిచింది. చారిత్రక నవలలో తేదీ అరుదుగా సూటిగా ఉంటుంది. శక సంవత్సరమో, ప్రభవాది పేరో, ఫలానా పండుగ వెళ్లిన పదో రోజనో ఉంటుంది. వాటిని ఒకే కొలమానంలోకి తేవాలి.

1. శక సంఖ్యకు 78 కలిపితే క్రీస్తు శకం. జనవరి నుంచి ఉగాది దాకా వచ్చే తేదీలకు 79.
2. సంవత్సరం పేరు ఉంటే అరవై ఏళ్ల చక్రంలో దాని స్థానం చూడాలి. ప్రభవ ఒకటి, విరోధి ఇరవై మూడు, క్రోధి ముప్పై ఎనిమిది.
3. ఆ శతాబ్దంలో ప్రభవ ఎప్పుడో పట్టుకోవాలి. 1987 ప్రభవ. అక్కడినుంచి అరవైలు తీసేస్తూ పోతే 1267, 1207 వస్తాయి.
4. రెండు లెక్కలూ కలిస్తే చీటీ మీద గీత గీయాలి. కలవకపోతే ఖాళీగా ఉంచాలి.

ఈ కొలమానం సరిగ్గా పనిచేస్తుందో లేదో తెలియాలంటే ముందు నవలలతో కాకుండా శాసనాలతో చూడాలి. సముద్రపు రేవు మోటుపల్లిలో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం శక 1166, క్రోధి. 78 కలిపితే 1244. 1207కు 37 కలిపినా 1244. చందుపట్ల శాసనం శక 1211, విరోధి. 78 కలిపితే 1289. 1267కు 22 కలిపినా 1289. పద్ధతి నిలబడింది.

చందుపట్ల శాసనంతోనే అసలు సమస్య మొదలైంది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారని చెప్పి, వారి పుణ్యం కోసం ఇచ్చిన దానాన్ని నమోదు చేసిన శాసనం అది. అది వెలుగులోకి రాకముందు ఆమె పాలన 1295 దాకా సాగిందని చరిత్ర పుస్తకాలు రాసేవి. బాపిరాజు నవల, నోరి నరసింహశాస్త్రి "రుద్రమదేవి" రెండూ అంతకు ముందువే. అంటే ఇవాళ మన చేతిలో ఉన్న శాసనంతో వాళ్ల నవలల్లో తప్పులు లెక్కపెట్టడం అన్యాయం. నా కాలం చీటీల్లో ఇలాంటి గడులన్నీ "శాసనంతో కలవలేదు" అని ఎర్రగా నిండిపోయాయి. ఆ ఎరుపు నవల గురించి చెబుతున్నది ఏమీ లేదు.

చేసిన మార్పు: ప్రతి కాలం చీటీ అడుగున రెండు సంఖ్యలు. ఒకటి కథ జరిగిన సంవత్సరం, రెండోది నవల వెలువడిన కాలం. ఆధారం నవల తరువాత బయటపడితే ఎరుపు తీసేసి నీలం. ఇలా చూస్తే ఎర్ర చీటీల్లో మూడింట రెండొంతులు నీలం అయ్యాయి.

ఇంకో సంగతి. చందుపట్ల శాసనం ఆమె యుద్ధంలో చనిపోయిందని చెప్పదు. తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో పోరులో ఆమె, మల్లికార్జున నాయకుడు ఇద్దరూ మరణించి ఉంటారన్నది చరిత్రకారుల ఊహ. సమకాలికుల రాతలు కూడా అన్నీ నమ్మదగినవి కావు. మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని ఏలే రాణి గురించి మెచ్చుకుంటూ రాశాడు కానీ, ఆమెను రాజు భార్యగా, వితంతువుగా చెప్పాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు. ఆధారమే ఇలా ఉన్నప్పుడు ఖాళీని నవలాకారుడు పూరించాల్సిందే. ఎలా పూరించాడన్నదే చదువరి చూడాల్సింది. నోరి పూరించే తీరు బాపిరాజుది కాదు. పండితులు, కవులు, మతాల మధ్య వాదోపవాదాలు ఆయన కథకు ఆధారం. ఖడ్గం కన్న గోష్ఠి మీద ఆయన దృష్టి ఎక్కువ. ఆ నిదానం అలవాటు కావడానికి వంద పేజీలు పడుతుంది. అలవాటయ్యాక రాజ్యం అనే మాటకు అర్థం పెరుగుతుంది.

ఇప్పటికి: నవలలు 2, మనుషుల చీటీలు 104, కాలం చీటీలు 37.

దశ 4: దూరం చీటీలు

పరికరాలు: ముద్రిత పటం, నూలు దారం, స్కేలు, పెన్సిల్. ఫోనులోని పటాల్లో దారి దూరం అడిగితే నేటి రహదారులూ వంతెనలూ చూపుతుంది. పదమూడో శతాబ్దపు ప్రయాణానికి అది పనికిరాదు. అందుకని పటం మీద దారం పరిచి, నదుల దగ్గర రేవుల వైపు వంచి కొలిచాను.

మొదటి కొలత ఓరుగల్లు నుంచి మోటుపల్లి. సరళరేఖలో సుమారు 260 కిలోమీటర్లు. దారం వంపులతో 320 దాకా వచ్చింది. మధ్యలో కృష్ణ దాటాలి. ఎడ్లబండి రోజుకు 20 నుంచి 25 కిలోమీటర్లు వెళితే రెండు వారాల ప్రయాణం. గుర్రం మీద రోజుకు 50 చొప్పున వారం. గుర్రం నడక గంటకు ఆరు కిలోమీటర్లు, దుడుకు నడక పన్నెండు. దౌడు కొద్ది కిలోమీటర్లకు మించి సాగదు. ఒక నవలలో (పేరు అనవసరం) దూత సాయంత్రం కోట విడిచి తెల్లవారేసరికి సముద్రతీరంలో ఉంటాడు. దారి పొడవునా దౌడే. మార్చుకోవడానికి మరో గుర్రం లేదు, నీళ్లు లేవు. ఆ దృశ్యం చాలా ఉద్వేగంగా రాసినది. అయినా ఆ పేజీ నుంచి నాకు ఎవరి ప్రాణాలకూ భయం వేయలేదు. ఎంత దూరమైనా రాత్రికి రాత్రి దాటగలిగితే ఆపదకు బరువేముంది?

నేను పెట్టుకున్న 20–25 సంఖ్య సైన్యాలకు వర్తిస్తుందా అన్న అనుమానం మిగిలింది. దానికి మంచి కొలత ఒకటి దొరికింది. ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ సైన్యం 1309 అక్టోబరు చివర ఢిల్లీ విడిచి 1310 జనవరిలో ఓరుగల్లు చేరింది. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాతల వల్ల ఈ తేదీలు మనకు తెలుసు. సరళరేఖలో సుమారు 1,200 కిలోమీటర్లు. నాలుగోవంతు వంపులకు కలిపితే 1,500. పట్టిన కాలం రమారమి 80 రోజులు. మజిలీలు, నదులు, మధ్యలో విశ్రాంతి అన్నీ కలుపుకొని సగటు రోజుకు 19 కిలోమీటర్లు. ఇక నుంచి సైన్యానికి 19, బండికి 22, ఒంటరి రౌతుకు 50 అని డబ్బా మూత మీద రాసి అతికించాను.

చీటీ క్రమం:

1. బయలుదేరిన చోటు, చేరిన చోటు.
2. నవల చెప్పిన కాలం. జాము మూడు గంటలు, గడియ 24 నిమిషాలు.
3. దారం కొలత, దానికి తగిన కాలం.
4. ప్రయాణం వల్ల ఏం పోయింది: గుర్రం, నిద్ర, ఆరోగ్యం, అవకాశం.

నాలుగో గడి మొదట లేదు. తెన్నేటి సూరి "చెంఘిజ్ ఖాన్" చదివాక చేర్చాను. గోబీ ఎడారి, దాహం, తెగల మధ్య దూరాలు, పశువులకు మేత. ఆ నవలలో ఎక్కడికి వెళ్లాలన్నా ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. మంగోలు రౌతు వెంట ఒకటికి మించి గుర్రాలు ఉండేవి, మార్చి మార్చి ఎక్కేవాడు. వాళ్ల వేగానికి కారణం అదే. 1206లో ఓనాన్ నది దగ్గర తెగలన్నీ తెమూజిన్‌ను (చెంఘిజ్ ఖాన్ అసలు పేరు) ఖాన్‌గా ఒప్పుకున్నాయంటే, ఆ ఒప్పుకోలు వెనక ఎన్ని ప్రయాణాల అలసట ఉందో ఈ నవల చదివితే ఒంటికి తెలుస్తుంది. లోకం క్రూరుడని మాత్రమే చెప్పుకునే మనిషి మీద దయ పుట్టించడం చిన్న పని కాదు. సూరి దాన్ని ఉపన్యాసంతో సాధించలేదు. ఆకలితో, దూరంతో సాధించాడు. ఈ పద్ధతితో చదివిన చారిత్రక నవలల్లో ఇంతగా పట్టుకున్నది మరొకటి లేదు.

ఇప్పటికి: నవలలు 4, మనుషుల చీటీలు 149, కాలం 58, దూరం 44.

దశ 5: వస్తువుల చీటీలు

ఇది త్వరగా ముగిసింది. కాకతీయుల కాలపు వంటింట్లో ఎండుమిరపకాయలు కనిపిస్తే చీటీ. మిరప, వేరుశనగ, మొక్కజొన్న, బొప్పాయి, జామ, పొగాకు, బంగాళాదుంప, టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చినవి. పోర్చుగీసువాళ్లు సముద్రమార్గాన రాకముందు మన దగ్గర లేవు. కారం కావాలంటే మిరియాలే. నాణేల్లో రూపాయి కూడా పదహారో శతాబ్దం నాటి షేర్ షా కాలానిది. ఓరుగల్లు బజారులో మాడ, గద్యాణం, రూక ఉండాలి.

ఏది లేదో చెప్పే పట్టిక కన్న ఏది ఉందో చెప్పే పట్టిక ఎక్కువ పనికొచ్చింది. మోటుపల్లి శాసనంలో రేవుకు వచ్చే సరుకుల పేర్లున్నాయి: చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ గణపతిదేవుడు అందులో మాట ఇచ్చాడు. ఓరుగల్లును వర్ణించే పాత కావ్యం క్రీడాభిరామంలో అక్కడి పూటకూటింటి భోజనం ఉంది. ఒక రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, గడ్డపెరుగు. ఒక బజారు దృశ్యం రాయడానికి రచయితకు ఇంతకన్న ఏం కావాలి?

ఈ దశలో పద్ధతి ఒక చోట బెడిసింది. వస్తువుల చీటీలు ఎక్కువయ్యేకొద్దీ చదువు తనిఖీగా మారిపోతోంది. మనిషి ఏడుస్తున్న పేజీలో దీపం ఏ లోహానిదో చూడటం మొదలవుతుంది. అందుకని ఒక గీటు పెట్టాను: ఆ వస్తువు మీద కథ మలుపు ఆధారపడితేనే చీటీ. మిరపకాయ కూరలో ఉంటే వదిలెయ్యాలి. శత్రువుల కళ్లలో కొట్టి తప్పించుకోవడానికి వాడితే రాయాలి. ఈ గీటుతో 73 చీటీల్లో 62 తీసేశాను. మిగిలిన పదకొండూ రెండు నవలల్లోవే.

ఇప్పటికి: నవలలు 6, ఉంచిన వస్తువుల చీటీలు 11.

దశ 6: జానపద, ఫాంటసీ నవలలు

నాలుగు రకాల చీటీలూ పట్టుకుని ఇటు వస్తే కాలం చీటీ, వస్తువు చీటీ వెంటనే మూలపడ్డాయి. శాసనం లేని రాజ్యానికి దేనితో సరిచూడాలి? నవల తనకు తాను పెట్టుకున్న నియమాలతోనే చూడాలి. దానికి "షరతు చీటీ" తయారు చేశాను.

1. శక్తి లేదా మంత్రం పేరు, మొదట కనిపించిన పేజీ.
2. దానికి నవల చెప్పిన షరతు: ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏం పోగొట్టుకుని.
3. తరువాత వాడిన ప్రతి పేజీ.
4. షరతు పాటించారా, సడలించారా, మరిచారా.

మొదట కాశీమజిలీ కథలు తీసుకున్నాను. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ఈ కథల సంపుటం మొత్తం ఒక షరతు మీద నిలబడింది. కాశీకి వెళ్లే మణిసిద్ధుడి వెంట వచ్చే గొల్లపిల్లవాడు మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలంటాడు. అతడు దారిలో చూసి అడిగే వింతలోంచి కథ పుడుతుంది. యాత్ర ఎంత దూరమో కథలూ అంత. దూరం చీటీ ఇక్కడ మళ్లీ అక్కరకొచ్చింది. మజిలీ అంటేనే ఒక రోజు నడక.

తరువాత చందమామలో ధారావాహికలుగా వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం నవలలు "తోకచుక్క", "మకరదేవత". పుస్తకరూపంలో ఏకబిగిన చదివితే ప్రతి కొన్ని పేజీలకూ ఆపద శిఖరానికి చేరి తెగుతుంది. నెల నెలా ఎదురుచూసిన పాఠకుల కోసం వేసిన ముడులు అవి. నేను మొదట వరుసగా చదివి, ఆపదలు మరీ ఎక్కువయ్యాయని చీటీ రాశాను. తరువాత రోజుకొక భాగం చొప్పున చదివితే ఆ చీటీకి అర్థం లేకపోయింది. రాసిన లయలో చదవకపోతే అభిప్రాయం వంకర పోతుంది. వాక్యం మాత్రం ఎలా చదివినా సూటిగానే ఉంటుంది. వర్ణన కోసం ఆగదు. భయంకరమైన జంతువును కూడా రెండు మాటల్లో చూపించి కదిలిపోతుంది.

కల్పిత లోకాల పటాలకు కొలమానం ఉండదు. దానికి ఉపాయం ఉంది. కాలినడకన ఇన్ని రోజులని నవల చెప్పిన ఒక ప్రయాణాన్ని తీసుకుని, రోజుకు 25 కిలోమీటర్ల చొప్పున దాని దూరం కట్టాలి. ఆ దూరాన్ని పటం మీద స్కేలుతో కొలిస్తే సెంటీమీటరుకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఇక మిగిలిన ప్రయాణాలన్నీ దానితో చూడాలి. ఈ మధ్య చదివిన ఒక ఫాంటసీలో మొదటి సగం ఈ లెక్కకు చక్కగా నిలిచింది. రెండో సగంలో అదే దారి మూడోవంతు రోజుల్లో ముగిసింది. షరతు చీటీలు తీస్తే అక్కడే మంత్రానికి కూడా వెల పోయింది. మొదట్లో ఒక్కో ప్రయోగానికి ఒక జ్ఞాపకం చెరిగిపోయే నాయకుడు, చివర్లో ఎన్ని వాడినా ఏదీ మరిచిపోడు. రచయిత ఎందుకు మరిచారో తెలియదు. నాకు మాత్రం చివరి యుద్ధమంతా రంగు వెలిసిన బొమ్మలా కనిపించింది. ఎంతో ఇష్టపడి చదువుతున్న పుస్తకం అలా చేతిలోంచి జారిపోతే బాధగా ఉంటుంది.

చంద్రుడి మీద ఒక చిన్న పట్టిక రెండు రకాల నవలలకూ పనికొస్తుంది. పున్నమి చంద్రుడు పొద్దుగుంకే వేళ తూర్పున ఉదయిస్తాడు. శుద్ధ అష్టమి చంద్రుడు సాయంత్రం నడినెత్తికి దగ్గరగా ఉండి అర్ధరాత్రికి అస్తమిస్తాడు. బహుళ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి వస్తాడు. విదియ నెలవంక సాయంత్రం పడమటే. రాత్రి దాడులు, కోట గోడలెక్కడాలు, రహస్యంగా తప్పించుకోవడాలు అన్నీ ఈ వెలుగు మీద ఆధారపడతాయి. రెండు చంద్రులున్న లోకమైతే రచయితే చెప్పాలి.

ఇప్పటికి: నవలలు 10, షరతు చీటీలు 39, వాటిలో మరిచినవి 14, ఆ పద్నాలుగులో పదమూడు ఒకే నవలవి.

దశ 7: విశ్వనాథ "ఏకవీర", చీటీల విలీనం

మదుర నాయకరాజుల కాలం. కుట్టాన్, వీరభూపతి ప్రాణస్నేహితులు. ఒకరు ప్రేమించిన అమ్మాయి మరొకరికి భార్య అవుతుంది. ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకోరు. చీటీలు పెట్టుకుని కూర్చుంటే తొమ్మిదే వచ్చాయి. తేదీలు దాదాపు లేవు, దూరాలు ఒక నగరం లోపలివి, మంత్రాలు లేవు. పద్ధతికి అందేది ఏమీ జరగనట్టు ఉంది. నవల మాత్రం చదివినన్నాళ్లూ వదల్లేదు.

తొమ్మిది చీటీలూ, "చెంఘిజ్ ఖాన్" దూరం చీటీలూ, ఫాంటసీ షరతు చీటీలూ బల్ల మీద పరిచి చూశాను. మూడింటిలోనూ పనికొచ్చిన గడి ఒకటే: ఏం పోయింది. ప్రయాణానికి గుర్రం పోయింది, మంత్రానికి జ్ఞాపకం పోయింది, చెప్పని మాటకు స్నేహం, సంసారం, మనశ్శాంతి పోయాయి. నమ్మకం కుదిరిన పేజీలన్నిటిలో ఈ గడి నిండి ఉంది. సడలిన పేజీల్లో ఖాళీ. తేదీ తప్పినా ఈ గడి నిండిన చోట నేను కథలోనే ఉన్నాను. తేదీ సరిగ్గా ఉండి గడి ఖాళీగా ఉన్న చోట బయటికి వచ్చేశాను.

చేసిన మార్పు: దూరం, షరతు, వస్తువు చీటీలు మూడూ తీసేసి "వెల చీటీ" ఒక్కటే ఉంచాను. కోరింది, చెల్లించింది, ఎవరు చెల్లించారు, పేజీ. మనుషుల చీటీ, కాలం చీటీ అలాగే ఉంటాయి. పాత చీటీల్లో వెల ఉన్నవాటిని తిరగరాశాను, లేనివాటిని దారం కట్టి పక్కన పెట్టాను.

ఇప్పటికి: నవలలు 11, మనుషుల చీటీలు 188, కాలం 71, వెల 57. దారం కట్టి పక్కన పెట్టినవి 46.

ప్రస్తుత స్థితి, మిగిలిన పని

చదివే క్రమం ఇప్పుడు ఇలా ఉంది:

1. మొదటి చదువులో కాగితపు ముక్కలు మాత్రమే. పటం, పంచాంగం, శాసనాల పుస్తకం దగ్గర పెట్టుకోకూడదు.
2. అధ్యాయం చివర మనుషుల చీటీ, వెల చీటీ.
3. నవల పూర్తయ్యాక కాలం చీటీలు, లెక్కలు, దారం కొలతలు.
4. అభిప్రాయం రెండుసార్లు రాయాలి. ముగించిన వెంటనే ఒకసారి, మరో నవల చదివాక ఇంకోసారి. రెండో దాని ముందు మొదటిది చూడకూడదు.

మొదటి నియమానికి పరీక్ష నోరి "నారాయణభట్టు"తో జరగాలి. రాజరాజనరేంద్రుడి ఆస్థానం, నన్నయ భారత రచనకు తోడ్పడిన నారాయణభట్టు, ఆయనకు నందంపూడి అగ్రహారం ఇచ్చిన 1053 నాటి శాసనం, ఇవన్నీ నాకు ముందే తెలుసు. ఫలితం తెలిసిన కథలో వెల చీటీ ఎంత నిండుతుందో చూడాలి. ఆ శాసనం కాలం చీటీ మాత్రం ఇంకా రాయలేదు. నవల చివరి పేజీ దాటేదాకా రాయను.